బాల్కనీకి వచ్చే పిట్టలు: పిలిచేదెలా, చూసేదెలా?

స్కూల్ బస్సు కోసం మనం హడావిడి పడే వేళకే బాల్కనీ గ్రిల్ మీద ఒక పిట్ట వచ్చి వాలుతుంది. తల మీద నల్లటి చిన్న కుచ్చు, తోక కింద ఎర్రటి మచ్చ. అదే పికిలిపిట్ట, బుల్‌బుల్ అని కూడా అంటాం. దాన్ని, గోరువంకను, తేనెపిట్టను చూడటానికి అడవికే వెళ్లక్కర్లేదు. నాలుగు కుండీలున్న అపార్ట్‌మెంట్ బాల్కనీ చాలు. కాసిని నీళ్లు, కొన్ని మొక్కలు, వాటి జోలికి వెళ్లని మనుషులు ఉంటే పిట్టలు వాటంతట అవే వస్తాయి.

ముందు నీళ్లు

వెడల్పాటి మట్టి మూకుడులో రెండు అంగుళాలు మించకుండా నీళ్లు పోసి, మధ్యలో ఒక రాయి పెట్టండి. నీడగా ఉండి, పిల్లి దూకలేని చోటు చూడండి. రోజూ మూకుడు కడిగి నీళ్లు మార్చాలి. లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. ఈ పని పిల్లలకే అప్పగించండి. మొదటి కొన్ని రోజులు ఏ పిట్టా రాకపోవచ్చని వారికి ముందే చెప్పండి.

గింజల కన్నా మొక్కలు మేలు

పూర్వం మన ఊళ్లలో పిచ్చుకల కోసం చూరుకు వరి కుచ్చులు వేలాడదీసేవారు. ఇప్పుడైనా గుప్పెడు కొర్రలో, నూకలో వేయవచ్చు. అంతకు మించితే పావురాలు గుమిగూడతాయి. వాటి ఎండిన రెట్టల పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. చిప్స్, బిస్కట్లు, మిగిలిపోయిన కూరలు వేయకండి.

మందారం పూస్తే తేనెపిట్టలు వస్తాయి. కరివేపాకు చెట్టును కాయనిస్తే ఆ నల్లటి పండ్ల కోసం పికిలిపిట్టలు, కోకిలలు వస్తాయి. గింజలు తినే పిచ్చుక కూడా తన పిల్లలకు ఎక్కువగా పురుగులనే తినిపిస్తుంది. అందుకే మొక్కలకు పురుగుమందు కొట్టవద్దు.

గూడు కనిపిస్తే

పికిలిపిట్ట ఒక్కోసారి వేలాడే కుండీలోనే గూడు కడుతుంది. ఇంట్లో చర్చ మొదలవుతుంది: బట్టలు ఎక్కడ ఆరేయాలి? గూడు తీసేద్దామా? కాస్త ఓపిక పట్టండి. గుడ్లు పొదగడానికి సుమారు రెండు వారాలు, పిల్లలు గూడు వదలడానికి మరో రెండు వారాలు. నెల రోజుల్లో బాల్కనీ మళ్లీ మీదే. అప్పటిదాకా గూడు జరపకండి, దగ్గరికెళ్లి ఫోటోలు తీయకండి. మనం పదే పదే వెళితే కాకులు గూడును కనిపెట్టే ప్రమాదం ఉంది.

ఈకలు రాని పిల్ల కింద పడితే మెల్లగా తీసి గూట్లో పెట్టవచ్చు. మనిషి తాకితే తల్లి వదిలేస్తుందన్నది అపోహ. ఈకలు వచ్చి గెంతుతున్న పిల్లను మాత్రం ముట్టుకోకండి. అది ఎగరడం నేర్చుకుంటోంది, తల్లి దగ్గర్లోనే ఉంటుంది. ముచ్చటపడి పంజరంలో పెట్టాలని పిల్లలు అడగవచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పంజరంలో పెంచడం కూడా నేరమేనని వారికి చెప్పండి.

రోజూ పది నిమిషాలు

ఒక పాత నోట్‌బుక్‌లో తేదీ, సమయం, పిట్ట రంగు, అది చేస్తున్న పని రాయించండి. తెలుగు పేరు తెలియకపోతే అమ్మమ్మనో తాతయ్యనో అడగమనండి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’లో కనీసం 15 నిమిషాలు పక్షులను లెక్కపెట్టి, ఆ వివరాలు ఎవరైనా పంపవచ్చు. అప్పటికి మీ పిల్లలకు పిట్టలను గుర్తుపట్టడం అలవాటై ఉంటుంది. ఈ ఆదివారమే మూకుడు పెట్టి చూడండి.