తేలికపాటి లినక్స్ - ఎంపిక

పల్నాటి సీమను గురించి శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు కొన్ని ఉన్నాయి. రాళ్లు, నీటి ఎద్దడి, సన్నబియ్యం దొరకని పల్లెలు, జొన్నకూడు వాటిలోని విషయాలు. కవికి అవి ఎగతాళికి వస్తువులు కావచ్చును గాని, రైతుకు జొన్న తెలిసి చేసిన ఎంపిక. ఉన్న నేలలో, పడే వానకు ఏది పండుతుందో దానినే అతడు విత్తాడు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిన తరువాత అదే సీమలో వరిచేలు వెలిశాయి. నేలను చూచి విత్తనాన్ని ఎంచుకొనే ఈ ఇంగితం కంప్యూటరు విషయంలోనూ అవసరమే.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాకు నరసరావుపేట కేంద్రం. మాచర్ల, గురజాల వంటి ప్రాంతాల నుంచి పై చదువులకు బయలుదేరే విద్యార్థులలో కొందరు అన్నయ్యో అక్కయ్యో వాడి వదలిన ల్యాప్‌టాప్‌తోనే సరిపెట్టుకోవలసి ఉంటుంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే కనీసం 4 జీబీల మెమరీ, 64 జీబీల నిల్వ, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ప్రాసెసరు సైతం ఆమోదించిన జాబితాలోనిదై ఉండాలి. వీటిలో ఒక్కటి లోపించినా, తెర, కీబోర్డు, బ్యాటరీ సవ్యంగా ఉన్న యంత్రం కూడా పక్కన పెట్టవలసినదిగా కనిపిస్తుంది. కౌలు సేద్యం చేసే కుటుంబానికి కొత్త ల్యాప్‌టాప్ కొనడమంటే పంట డబ్బు చేతికి వచ్చేదాకా ఆగవలసిన పని. ఆ లోపల ఉన్న యంత్రాన్ని నిలబెట్టుకొనే మార్గాలలో ఒకటి లినక్స్.

ఫిన్లాండ్‌లో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నెల్‌ను వెలువరించాడు. కెర్నెల్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటిది. దానికి అవసరమైన ఇతర ప్రోగ్రాములను చేర్చి, వాడుకొనడానికి సిద్ధంగా అందించే కూర్పును డిస్ట్రిబ్యూషన్ అంటారు. తెలుగులో పంపిణీ అనవచ్చు. 1993లో ప్రారంభమైన డెబియన్ వీటిలో పెద్ద వంశం. ఉబుంటు దాని సంతతి. లినక్స్ మింట్ ప్రధానంగా ఉబుంటు ఆధారంగా తయారవుతుంది. మన దేశంలో సీడాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్స్‌కు కూడా డెబియనే మూలం. తెలుగునాట స్వేచ్ఛ అనే సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పనికి పూనుకొని, బడిపిల్లల కోసం బాలస్వేచ్ఛను కూర్చింది.

పంపిణీ తేలికగా ఉన్నదా, బరువుగా ఉన్నదా అన్నది చాలావరకు డెస్క్‌టాప్ మీద ఆధారపడి ఉంటుంది. తెరపై కనిపించే కిటికీలను, మెనూలను నడిపే భాగమే డెస్క్‌టాప్. గ్నోమ్ వంటిది సొగసైనది, మెమరీని ఎక్కువగా కోరుతుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్‌ఎక్స్‌క్యూటీ అనేవి మితంగా వాడుకుంటాయి. అందువలన ఒకే డెబియన్ ఒకచోట బరువుగాను, మరొకచోట తేలికగాను ఉండగలదు. పేరును కాక డెస్క్‌టాప్‌ను చూడాలి. అయితే డెస్క్‌టాప్ ఎంత తేలికైనదైనా బ్రౌజరు బరువు తగ్గదు. 2 జీబీల యంత్రంలో పది పుటలు ఒకేసారి తెరిస్తే ఏ లినక్స్ అయినా ఆయాసపడుతుంది. ఈ సంగతిని చాలామంది దాటవేస్తారు.

తేలిక అనగానే పప్పీ వంటి అతి చిన్న పంపిణీని వెదకడం ఒక అలవాటు. మెమరీలోనే నడవగల పప్పీ పాత యంత్రాలకు ఎంతో మేలు చేసింది. కాని ల్యాప్‌టాప్‌లో ఆధునిక ఫర్మ్‌వేర్ ఉంటే చిన్నతనం ఒక్కటే చాలదు. విద్యార్థులు పొరపడేది ఇక్కడనే.

మీట నొక్కగానే మేల్కొని, పరికరాలను సిద్ధం చేసి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను పిలిచే తొలి ప్రోగ్రాము ఫర్మ్‌వేర్. 1981 నాటి ఐబీఎం పీసీ నుంచి ఈ పని బయోస్‌ది. అది డిస్కు మొదటి భాగంలో ఉన్న చిన్న సంకేతాన్ని చదివి, దానికి పగ్గాలు అప్పగించి తప్పుకొనేది. దాని స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ పద్ధతి వేరు. దీనికి డిస్కులో ప్రత్యేకమైన చిన్న విభాగం ఉంటుంది. ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్ తన ప్రారంభ ఫైలును అందులో ఉంచాలి.

2012లో విండోస్ 8తో పాటు సెక్యూర్ బూట్ వాడుకలోకి వచ్చింది. ప్రారంభ ఫైలుపై తాను గుర్తించిన డిజిటల్ సంతకం ఉంటేనే ఫర్మ్‌వేర్ దానిని నడుపుతుంది. దుష్ట ప్రోగ్రాములు మొదటి అడుగులోనే చొరబడకుండా ఆపడం దీని ఉద్దేశం. లినక్స్ వారు షిమ్ అనే చిన్న ప్రోగ్రామును తయారుచేసి, దానిపై మైక్రోసాఫ్ట్ సంతకం పొంది, దాని ద్వారా తమ కెర్నెల్‌ను ప్రవేశపెడుతున్నారు. ఉబుంటులో ఈ ఏర్పాటు ముందే ఉంది. డెబియన్ 2019 నాటి 10వ విడుదలతో దీనిని చేర్చింది. కొద్దిమంది స్వచ్ఛందంగా నడిపే చిన్న పంపిణీలలో చాలావాటికి ఈ సంతకం ఉండదు. వాటికోసం సెక్యూర్ బూట్‌ను ఆపివేయవలసి వస్తుంది. యూఎస్‌బీ పెట్టినా యంత్రం దానిని పట్టించుకోకపోతే, పంపిణీ చెడ్డదని కాదు, గుర్తింపు దొరకలేదని గ్రహించాలి.

మరొక విచిత్రమైన చిక్కు ఉన్నది. పదేళ్ల క్రితం చవకగా అమ్ముడైన ఇంటెల్ ఆటమ్ ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి ప్రాసెసరు 64 బిట్లది, యూఈఎఫ్ఐ మాత్రం 32 బిట్లది. ఇల్లు విశాలమే గాని వాకిలి ఇరుకు. 64 బిట్ల పంపిణీలోని మామూలు ప్రారంభ ఫైలును ఈ ఫర్మ్‌వేర్ చదవలేదు. 32 బిట్ల ప్రారంభ ఫైలు కూడా ఉన్న ప్రతి కావాలి. చాలా పంపిణీలలో అది ఉండదు. డెబియన్ 2015 నాటి 8వ విడుదలలో ఈ చిక్కుకు పరిష్కారం చూపింది. 2 జీబీల మెమరీ, 32 జీబీల నిల్వ మాత్రమే ఉన్న ఇటువంటి యంత్రాలకే తేలికపాటి లినక్స్ అవసరం ఎక్కువ. వాటికే ఈ అడ్డంకి ఉండడం విడ్డూరం.

ఇక తెలుగు. వత్తులు విడిపోయి, గుణింతాలు పక్కకు జరిగి కనిపించే తెరపై భాషాభ్యాసం సాగదు. డెబియన్ వంశపు భాండారంలో లోహిత్‌తో పాటు తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు ఉచితంగా లభిస్తాయి. వ్రాయడానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక ఉన్నది. అతి చిన్న పంపిణీలు పరిమాణం తగ్గించుకొనడానికి ఇటువంటి వాటిని మొదట వదలివేస్తాయి. కొద్దిపాటి స్థలం కోసం మాతృభాషను వదులుకొనడం మంచి బేరం కాదు.

కనుక ఆధునిక ఫర్మ్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్‌కు పెద్ద వంశపు పంపిణీని తేలిక డెస్క్‌టాప్‌తో తీసుకొనడమే మేలు. 4 జీబీల మెమరీ ఉంటే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ కొత్తవారికి సులభం. 2 జీబీలే ఉంటే డెబియన్‌ను ఎల్‌ఎక్స్‌క్యూటీతో గాని ఎక్స్‌ఎఫ్‌సీఈతో గాని వాడవచ్చు. వాకిలి ఇరుకైన యంత్రానికి ముందుగా చూడవలసినదీ డెబియనే. వైఫై చిప్పులకు కావలసిన ఫర్మ్‌వేర్ ఫైళ్లను 2023 నాటి 12వ విడుదల నుంచి డెబియన్ తన స్థాపక ప్రతిలోనే చేర్చింది. అంతకుముందు వాటిని వేరుగా తెచ్చుకోవలసి వచ్చేది.

స్థాపించడానికి ముందు లైవ్ ప్రతిని యూఎస్‌బీ నుంచి నడిపి చూడాలి. ఇందువలన డిస్కులోని సమాచారానికి భంగం కలుగదు. వైఫై కలుస్తున్నదా, శబ్దం వినిపిస్తున్నదా, టచ్‌ప్యాడ్ పలుకుతున్నదా, మూత మూసి తెరిస్తే యంత్రం మేల్కొంటున్నదా అని ఒక పూట పరిశీలించాలి. సెక్యూర్ బూట్‌ను మార్చవలసి వస్తే విండోస్‌లోని బిట్‌లాకర్ పునరుద్ధరణ సంఖ్యను ముందుగా కాగితంపై వ్రాసి ఉంచుకోవాలి. ఆ మార్పు తరువాత విండోస్ దానిని అడగవచ్చు. సంఖ్య లేకపోతే లోపలి ఫైళ్లు తెరుచుకోవు. ఫొటోలను, పాఠాల నోట్సును వేరొక డిస్కులోకి ఎక్కించుకున్న తరువాతనే స్థాపన మొదలుపెట్టాలి.