రాకపోకలు, భాష: ఊత్తుకోట ఉదాహరణ

సరిహద్దు ప్రాంతాల భాషను గురించి చెప్పేటప్పుడు సాధారణంగా ఎవరి మాతృభాష ఏది, ఎంతమంది మాట్లాడతారు అన్న లెక్కలతో మొదలుపెడతాం. ఈ వ్యాసంలో మరో ప్రశ్న వేసుకుందాం. మనుషులు రోజూ ఎక్కడికి పోతారు, ఎందుకు పోతారు? భాష నిలవటానికీ నిలవకపోవటానికీ ఈ ప్రశ్నతో దగ్గర సంబంధం ఉందని మా అభిప్రాయం.

ముందు మాటను చూద్దాం. తెలుగులో 'రాకపోకలు' అంటాం. తమిళంలో 'పోక్కువరత్తు' అంటారు. మనకు రాక ముందు, వారికి పోక ముందు. అయినా రెండు చోట్లా అది జంటపదమే. ఇంటినుంచి బయలుదేరేటప్పుడు మనం 'పోయొస్తాను' అంటాం, వారు 'పోయిట్టు వరేన్' అంటారు. రెండు భాషలూ పోవటాన్ని తిరిగిరావటంతో కలిపే చెబుతున్నాయి. 2008లో గొంజాలెజ్, హిడాల్గో, బరబాసి అనే పరిశోధకులు లక్షమంది సెల్‌ఫోన్ వాడకందారుల కదలికలను ఆరు నెలలపాటు పరిశీలించి చేరిన నిర్ణయమూ దీనికి దగ్గరగానే ఉంది: మనుషుల తిరుగుడు అడ్డదిడ్డమైనది కాదు, మళ్లీ మళ్లీ పోయేది కొద్ది చోట్లకే.

ఇక ఊత్తుకోట సంగతి. ఇది ఆరణియారు ఒడ్డున, తిరువళ్లూరు జిల్లాలో ఉన్న తాలూకా కేంద్రం. రైలు లేదు, బస్సే ఆధారం. ఒక దారి నాగలాపురం, పుత్తూరుల మీదుగా తిరుపతికి, మరొకటి సత్యవేడుకు పోతాయి. ఇవి ఆంధ్రప్రదేశ్‌వైపు. పెరియపాళెయం మీదుగా చెన్నైకి, దక్షిణాన తిరువళ్లూరుకు పోయే దారులు తమిళనాడు లోపలివి. పట్టణానికి దగ్గరలోనే ఉన్న సురుటుపల్లి శివాలయం సరిహద్దుకు అవతల ఉంది. ప్రదోషం నాడు భక్తులకు ఆ సరిహద్దు అడ్డం కాదు.

ఈ సరిహద్దు పాతది కాదు. పటాస్కర్ సిఫారసులను అనుసరించి 1959లో చేసిన చట్టం 1960 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది. చెంగల్పట్టు జిల్లాలోని సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. ఇళ్లూ పొలాలూ ఉన్నచోటే ఉన్నాయి. మారింది కొన్ని ప్రయాణాల దిక్కు.

ఇక్కడ రాకపోకలను రెండు తెగలుగా విడదీయవచ్చు. కచేరి, కోర్టు, బడి - వీటికి పోయే దారిని ప్రభుత్వం తిప్పగలదు. సంత, గుడి, చుట్టరికం - వీటి దారిని అంత సులభంగా తిప్పలేదు. 2008లో సత్యవేడు దగ్గర శ్రీసిటీ మొదలైన తరువాత కూలి, ఉద్యోగం కూడా సరిహద్దు దాటించే కారణాలయ్యాయి.

ఎవరు, ఏ భాషలో, ఎవరితో, ఎప్పుడు మాట్లాడతారు అని 1965లో జాషువా ఫిష్‌మన్ ప్రశ్నించాడు. దానికి 'ఎక్కడికి పోతూ' అన్నది చేర్చుకుంటే ఊత్తుకోట పరిస్థితి స్పష్టమవుతుంది. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని 2006-07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక తరగతి చొప్పున తప్పనిసరి చేసింది. అక్కడ బతికేవారికి తమిళం అవసరమే. దానితో పేచీ లేదు. అయితే దాని పక్కన తెలుగు పాఠం లేనప్పుడు, పిల్లలు రోజూ తప్పక చేసే ఒక్క ప్రయాణంలో తెలుగు అక్షరానికి చోటుండదు. చుట్టాలింటికి పోయినప్పుడు మాట మిగులుతుంది, రాత మిగలదు. చదవలేని తెలుగు వ్యవహర్తలు ఇలా తయారవుతారు.

హోసూరు, బళ్లారి, బరంపురం విద్యార్థులు కూడా దీన్ని తమకు అన్వయించుకోవచ్చు. ఒక వారంపాటు నోటుపుస్తకంలో నాలుగు గడులు గీసి రాయండి: ఎక్కడికి పోయారు, ఎందుకు పోయారు, ఏ భాషలో మాట్లాడారు, ఏ భాషలో చదివారు. నాలుగో గడిలో తెలుగు కనిపించకపోతే భాషమీద ప్రేమ తక్కువని అర్థం కాదు. రోజూ పోయే చోట్ల దానికి పని లేదని అర్థం. తెలుగు చదవక తప్పని చోటు ఒక్కటైనా, అది గ్రంథాలయమైనా సరే, తాతగారి పాత దస్తావేజుల పెట్టె అయినా సరే, మన వారంలో చేర్చుకోవాలి. మళ్లీ మళ్లీ పోయేచోటనే భాష నిలుస్తుంది.