మధురపూడి విమానం: ఫ్యాను ఆగినా తిరిగే ఇంజిను

ఇండిగో సంస్థ 2006 ఆగస్టులో మొదలైన నాటి నుంచి పదకొండేళ్ల పాటు ఒకే కుటుంబానికి చెందిన విమానాలు నడిపింది. అవి ఎయిర్‌బస్ ఏ320లు. పైలట్లందరికీ ఒకే శిక్షణ, స్టోర్సులో ఒకే రకం విడిభాగాలు, ఒకటి మొరాయిస్తే ఆ స్థానంలోకి ఇంకొకటి. చవక టికెట్ల లెక్కంతా ఈ ఏకరూపం మీదే నిలబడింది. 2017లో సంస్థ తన నియమాన్ని తానే సడలించుకుని 50 దాకా ఏటీఆర్ 72-600 విమానాలకు ఒప్పందం కుదుర్చుకుంది. ఆ ఏడాది డిసెంబరులోనే హైదరాబాద్ నుంచి అవి ఎగరసాగాయి. గోదావరి జిల్లాలకు ఇండిగో నీలం రంగు వచ్చింది ఈ ప్రొపెల్లర్ విమానం తోక మీదనే.

అలా ఎందుకు జరిగిందో రాజమండ్రి విమానాశ్రయమున్న మధురపూడిలోని రన్‌వే చెబుతుంది. అప్పట్లో దాని పొడవు 1,749 మీటర్లు. నిండు బరువుతో ఏ320 లేవాలంటే రెండు వేల మీటర్లకు పైనే కావాలి. ఏటీఆర్‌కు దాదాపు 1,300 మీటర్లు చాలు. అందుకే అంతకుముందు ఇక్కడికి వచ్చిన జెట్ ఎయిర్‌వేస్, ట్రూజెట్ సంస్థలు ఏటీఆర్‌లనే తెచ్చాయి. స్పైస్‌జెట్ కెనడాలో తయారైన క్యూ400ని తెచ్చింది. అదీ ప్రొపెల్లర్ విమానమే. పేరులో జెట్ ఉన్న మూడు సంస్థలూ రాజమండ్రికి తెచ్చింది ఫ్యాను విమానాలనేనన్నది సరదా విషయం.

ప్రొపెల్లర్ అంటే పాతకాలపు సరుకన్న అభిప్రాయం ప్రయాణికుల్లో ఉంది. భౌతికశాస్త్రం మాత్రం దాని పక్షాన సాక్ష్యం చెబుతుంది. విమానాన్ని ముందుకు నెట్టాలంటే గాలిని వెనక్కి తోయాలి. కొంచెం గాలిని చాలా వేగంగా తోసినా, చాలా గాలిని నెమ్మదిగా తోసినా ఒకే బలం రావచ్చు. ఖర్చు మాత్రం ఒకటి కాదు. బలం గాలి ద్రవ్యరాశి, వేగంలో మార్పు అనే రెండింటి లబ్ధం మీద ఆధారపడితే, శక్తి ఆ వేగపు వర్గంతో పెరుగుతుంది. రెట్టింపు గాలిని సగం వేగంతో తోస్తే బలం అంతే వస్తుంది, గాలికిచ్చే శక్తి సగమే అవుతుంది. ఏటీఆర్ ప్రొపెల్లర్ వ్యాసం 3.93 మీటర్లు. అది చుట్టే వలయం వైశాల్యం 12 చదరపు మీటర్లు. ఇండిగో ఏ320 నియోల ఇంజిను ముందున్న ఫ్యాను వ్యాసం సుమారు రెండు మీటర్లు మాత్రమే. అంటే 23 టన్నుల చిన్న విమానం ఒక్కో ఇంజినుతో పట్టే గాలి వలయం, 79 టన్నుల పెద్ద విమానం పట్టే దానికి మూడున్నర రెట్లకు పైనే.

ఇంత పెద్ద ప్రొపెల్లర్‌ను ఇష్టం వచ్చినంత వేగంగా తిప్పడానికి లేదు. బ్లేడు కొస ధ్వని వేగానికి చేరువైతే రొద పెరుగుతుంది, సామర్థ్యం పడిపోతుంది. అందుకే ఏటీఆర్‌లో ప్రొపెల్లర్ గరిష్ఠ వేగం నిమిషానికి 1,200 చుట్లు. పైకి చేరి నిలకడగా సాగేటప్పుడు దాన్ని 82 శాతానికి, అంటే 984 చుట్లకు తగ్గిస్తారు. అప్పుడు బ్లేడు కొస సెకనుకు 202 మీటర్ల వేగంతో గుండ్రంగా తిరుగుతూ, గంటకు 510 కిలోమీటర్ల వేగంతో విమానంతోపాటు ముందుకూ పోతుంది. రెండూ కలిపితే కొస వేగం సెకనుకు 247 మీటర్లు. ఆ ఎత్తులో ధ్వని వేగం 316 మీటర్లు. ఈ రెండు అంకెల మధ్య ఖాళీయే ప్రొపెల్లర్ విమానానికున్న వేగపు హద్దు.

చుట్ల వేగం మారకుండా ఉంటే పైలట్ బలాన్ని పెంచేదెలా? బ్లేడ్లు తమ మొదళ్ల దగ్గర తిరగగలవు. ఇంజిను ఎక్కువ శక్తినిస్తే బ్లేడు వాలు పెరిగి, ప్రతి చుట్టులోనూ ఎక్కువ గాలిని కోస్తుంది. చుట్ల సంఖ్య అలాగే ఉంటుంది. ఇంజిను చెడితే బ్లేడ్లు అంచును గాలికెదురుగా పెట్టుకుని అడ్డుపడకుండా నిలుస్తాయి. దిగాక వాలు తిరగబడి అదే ప్రొపెల్లర్ బ్రేకు అవుతుంది.

ఈ స్థిరవేగానికి క్యాబిన్‌తో విడదీయరాని సంబంధం ఉంది. ఆరు బ్లేడ్లు సెకనుకు 16.4 సార్లు తిరిగితే, విమానం గోడకు సెకనుకు 98 గాలి దెబ్బలు తగులుతాయి. ఏటీఆర్ ప్రయాణమంతా చెవిలో మోగే ఆ గుంయ్‌మనే శ్రుతి ఇదే. శ్రుతి మారదు కనుక దాన్ని అణచడం తేలిక. సరిగ్గా ఆ కంపనానికే ఊగేలా అమర్చిన చిన్న బరువులను గోడ చట్రానికి బిగిస్తే, అవి కదలికను తాము తీసుకుని గోడను ఊరుకోబెడతాయి. తొలి ఏటీఆర్ 72లకు నాలుగు బ్లేడ్లే ఉండేవి. ఆరు బ్లేడ్లు, ఈ కంపన శోషకాలు 500 శ్రేణితో వచ్చాయి. క్యూ400 వాళ్లు మరో దారి పట్టారు. క్యాబిన్‌లో మైక్రోఫోన్లు పెట్టి, రొదను విని, దానికి విరుద్ధంగా చట్రాన్ని కదిలించే పరికరాలను కంప్యూటర్‌తో నడిపారు. తెలివిలో క్యూ400దే పైచేయి అని ఒప్పుకోవాలి.

వేగంలోనూ దానిదే. ఒక్కో ఇంజినుకు ఐదు వేల హార్స్‌పవర్, గంటకు 667 కిలోమీటర్లు. ఏటీఆర్ ఇంజినుది అందులో సగం శక్తి. అయినా పందెం ఏటీఆరే గెలిచింది. రాజమండ్రి నుంచి శంషాబాద్‌కు గాలిదారిన సుమారు 360 కిలోమీటర్లు. దారంతా పూర్తి వేగంతో పోగలిగినా క్యూ400కు 32 నిమిషాలు, ఏటీఆర్‌కు 42. ఎక్కడానికీ దిగడానికీ పట్టే సమయం కలిస్తే ఆ పది నిమిషాల తేడా ఇంకా తగ్గుతుంది. ఆ కొద్ది నిమిషాల కోసం రెట్టింపు శక్తి ఇంజిన్లను మోయడం ఏ సంస్థ లెక్కల పుస్తకానికీ నచ్చే పని కాదు.

ఏటీఆర్‌లో అన్నింటికన్నా ముచ్చటైన యుక్తి గాలిలో కాదు, నేల మీద కనిపిస్తుంది. ప్రయాణికులు ఎక్కుతుంటారు. కుడి ఇంజిను సన్నగా ఈల వేస్తుంటుంది, కానీ దాని ప్రొపెల్లర్ కదలదు. కొత్తవాళ్లకు ఏదో చెడిపోయిందన్న అనుమానం వస్తుంది. దీన్ని పైలట్లు హోటల్ మోడ్ అంటారు.

పెద్ద విమానాల తోకలో ఒక చిన్న అదనపు ఇంజిను ఉంటుంది. నేల మీద ఉన్నప్పుడు కరెంటు, ఏసీ దాని పని. క్యూ400కీ అది ఉంది. ఏటీఆర్ రూపకర్తలు ఆ బరువు ఎందుకనుకున్నారు. రెక్కకున్న ఇంజినునే ఆ పనికీ వాడాలని తీర్మానించారు. చిక్కల్లా, ఇంజిను తిరిగితే ప్రొపెల్లర్ తిరగాలి కదా? ప్రాట్ అండ్ విట్నీ కెనడా ఇంజిను నిర్మాణంలోనే జవాబు సిద్ధంగా ఉంది. అందులో మూడు ఇరుసులు. రెండు ఇరుసుల మీద గాలిని నొక్కే కంప్రెసర్లు, వాటిని తిప్పే టర్బైన్లు ఉంటాయి. మండిన వాయువు ఆ టర్బైన్లు దాటాక చివరి టర్బైన్‌ను తాకుతుంది. ఆ మూడో ఇరుసే గేర్‌బాక్సు ద్వారా ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. చివరి టర్బైన్‌కూ మిగతా ఇంజినుకూ మధ్య ఇనుప బంధమేదీ లేదు, ఉన్నది వేడి గాలే. రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకటి ఆన్ చేస్తే రెండోది తనంతట తిరుగుతుంది. దాన్ని చేత్తో ఆపినా మొదటిది ఆగదు. ఏటీఆర్‌లో ఆ చెయ్యి పని చేసేది గేర్‌బాక్సుకు అమర్చిన హైడ్రాలిక్ బ్రేకు. నిమిషానికి 20 వేల చుట్ల దరిదాపుల్లో తిరిగే చివరి టర్బైన్ వేగాన్ని గేర్‌బాక్సు 1,200కు దింపుతుంది. అదే గేరు వల్ల ప్రొపెల్లర్‌ను పట్టుకుంటే టర్బైన్ కూడా నిలిచిపోతుంది. ముందు భాగం మాత్రం తిరుగుతూ జనరేటర్‌కు శక్తిని, ఏసీకి గాలిని ఇస్తూనే ఉంటుంది.

బ్రేకు కుడి ఇంజినుకే ఎందుకన్నది ఇంకా చక్కని ప్రశ్న. ప్రయాణికుల తలుపు ఎడమవైపు, తోక దగ్గర. పెట్టెలు ఎక్కించే పెద్ద తలుపు కూడా ఎడమవైపే, ముందు భాగంలో. అందుకే ముందు తలుపులోంచి ఎక్కడం అలవాటైనవాళ్లకు ఏటీఆర్ తిరగేసినట్టుంటుంది. ఎడమ ఇంజినును పూర్తిగా ఆపేస్తే ఆ పక్కంతా మనుషులది. ఈల, వేడి పొగ కుడివైపుకే పరిమితం. వెనక నుంచి గాలి బలంగా వీస్తే మాత్రం హోటల్ మోడ్ వాడకూడదు. జనమంతా తోక నుంచే ఎక్కుతారు కాబట్టి వెనక బరువు పడి ముక్కు లేవకుండా తోక కింద ఒక కర్ర లాంటి ఆధారం నిలబెడతారు. బయలుదేరేముందు బ్రేకు వదిలితే కుడి ప్రొపెల్లర్ కదులుతుంది, ఆ పైన ఎడమది మొదలవుతుంది. ఏసీకి ఒక్క ఇంజిను గాలే ఆధారం కనుక మే నెల మధ్యాహ్నం మధురపూడిలో క్యాబిన్ చల్లబడడం కాస్త ఆలస్యమే.

ఆ క్యాబిన్ వెడల్పు 2.57 మీటర్లు. నడవకు అటు రెండు, ఇటు రెండు సీట్లు. 600 శ్రేణి లోపలి రూపాన్ని ఇటలీకి చెందిన జుజారో డిజైన్ సంస్థ తీర్చింది. పేరు ఆర్మోనియా. పలచని సీట్లు, పెద్ద సామాను అరలు, ఎల్‌ఈడీ వెలుగు కలిపి ఇరుకు గొట్టాన్ని జెట్ క్యాబిన్ అనిపించే ప్రయత్నమది. ఇండిగో అందులో 78 సీట్లు వేసింది. ఆ అంకె వెనక ఒక నిబంధన ఉంది. మన దేశంలో 80 కన్నా తక్కువ సీట్ల దేశీయ విమానాలకు ల్యాండింగ్ రుసుము మినహాయింపు ఉంది. స్పైస్‌జెట్ కూడా తన క్యూ400లో మొదట 78 సీట్లే వేసింది.

ఏటీఆర్ పేరుకు పెద్ద దెబ్బ తగిలింది 1994 అక్టోబరు 31న. అమెరికాలోని రోజ్‌లాన్ దగ్గర రెక్కల మీద మంచు పేరుకుని ఒక ఏటీఆర్ 72 కూలిపోయింది, 68 మంది మరణించారు. తర్వాత రెక్క ముందంచున మంచును విరగ్గొట్టే రబ్బరు తొడుగులను వెడల్పు చేశారు. చలి ప్రాంతాల నుంచి అమెరికా సంస్థలు ఈ విమానాలను తప్పించాయి. జెట్ విమానాల మోజు పెరిగింది. మళ్లీ ఇంధనం ధర పెరగడంతో గాలి తిరిగింది. 2009లో 600 శ్రేణి ఎగిరింది, 2011లో ప్రయాణికుల సేవలోకి వచ్చింది. క్యూ400ని బొంబార్డియర్ 2019లో అమ్మేసింది. 2021లో దాని తయారీ ఆగింది. ట్రూజెట్, జెట్ ఎయిర్‌వేస్ మూతపడ్డాయి. మధురపూడి రన్‌వే 3,165 మీటర్లకు పెరిగింది. 2024 డిసెంబరులో ముంబై, ఢిల్లీలకు ఇండిగో ఎయిర్‌బస్‌లు మొదలయ్యాయి. దూర ప్రయాణానికి అవే తగినవి, హైదరాబాద్ దూరానికి ఏటీఆరే సరైన యంత్రం.

రొద వద్దనుకునేవారు ఈ విమానంలో వెనక వరుసలు ఎంచుకోవాలి. హోటల్ మోడ్ చూడాలనుకునే పిల్లలకు మాత్రం ముందు భాగంలో, కుడి కిటికీ పక్క సీటు ఇప్పించాలి.