బండి వచ్చు అన్న ధీమాతోనే జాగ్రత్త: గల్ఫ్ రోడ్ల మీద కొత్త రైడర్లు చేసే తప్పులు

"పదో తరగతి నుంచే బండి నడుపుతున్నా, నాకు కొత్తగా నేర్పేదేముందన్నా?" దుబాయ్‌లో డెలివరీ పనికి వచ్చిన మన పిల్లల రూముకు పోతే ఈ మాట ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. నిజమే, బండి నడపడం వాళ్లకు వచ్చు. వాళ్లకు వచ్చింది మన ఊరి రోడ్డు మీద నడపడం. ఇక్కడి రోడ్డు వేరు.

పోయిన చలికాలం ఒక అబ్బాయిని చూడటానికి ఆస్పత్రికి వెళ్లాను. జగిత్యాల వైపు పిల్లాడు. లైసెన్స్ చేతికొచ్చి మూడు వారాలే అయింది. తెల్లవారుజామున పెట్రోల్ పోయించుకుని పంపులోంచి బయటికి వచ్చాడు. రెండు వైపులా బండ్లు తిరిగే చిన్న రోడ్డు. ఎడమకు పోవాలి. మన దగ్గర తిరిగినట్టే, దగ్గరి అంచు పట్టుకుని ఎడమకు తిరిగాడు. ఎదురుగా వ్యాన్ వచ్చింది. కాలు రెండు చోట్ల విరిగింది. "పగలైతే ముందు పోయే బండ్లను చూసి పోయేవాణ్ణి అన్నా. రోడ్డు ఖాళీగా ఉండేసరికి చెయ్యి దానంతట అదే తిరిగింది" అన్నాడు.

చేతికి అలవాటైన పని మనం ఆలోచించకముందే జరిగిపోతుంది. అందుకే ఇక్కడ బండి నేర్చుకోవడమంటే సగం కొత్తది నేర్చుకోవడం, సగం పాతది మానుకోవడం.

కుడి, ఎడమ: మొదటి నెల అసలు గండం

ఇండియాలో రోడ్డుకు ఎడమ వైపు నడుపుతాం. యూఏఈ, సౌదీ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్ ఆరు దేశాల్లోనూ కుడి వైపు నడపాలి. ఈ సంగతి అందరికీ తెలుసు. తెలిసినా తప్పు జరిగే చోట్లు కొన్ని ఉన్నాయి. పంపు, పార్కింగ్, హోటల్ గేటులోంచి రోడ్డెక్కేటప్పుడు. యూటర్న్ తీసుకున్న వెంటనే. ముందు ఏ బండీ లేని రాత్రిపూట. బాగా అలసిపోయి డ్యూటీ చివరి గంటలో ఉన్నప్పుడు. ఈ నాలుగు చోట్ల ఒక్క క్షణం ఆగి, "నేను కుడి వైపు ఉన్నానా?" అని పైకే అనుకోండి. నవ్వే వాళ్లను నవ్వనివ్వండి.

మలుపులు కూడా తిరగబడతాయి. మన దగ్గర ఎడమ మలుపు సులువు, అంచు పట్టుకుని తిరిగిపోతాం. ఇక్కడ ఆ సులువు కుడి మలుపుది. ఎడమకు తిరగాలంటే ముందు దగ్గరి సగం దాటాలి, తర్వాత అవతలి సగంలో చేరాలి. రోడ్డు ఎక్కేటప్పుడు మనకు ముందు కుడి పక్క చూసే అలవాటు. ఇక్కడ మీ దగ్గరికి మొదట వచ్చే బండి ఎడమ నుంచి వస్తుంది. కాబట్టి ముందు ఎడమ, తర్వాత కుడి, మళ్లీ ఎడమ చూడండి. నడిచి రోడ్డు దాటేటప్పుడు కూడా ఇదే లెక్క. బండి ఎక్కకముందే, నడకలోనే ఈ అలవాటు చేసుకుంటే మేలు.

రౌండ్‌బౌట్ దగ్గర

మన దగ్గర సర్కిల్ చుట్టూ గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతాం. ఇక్కడ దానికి ఎదురు తిరగాలి. లోపల ఇప్పటికే తిరుగుతున్న బండి, అంటే మీ ఎడమ నుంచి వచ్చే బండి, ముందు పోవాలి. దానికి దారి ఇచ్చాకే మీరు లోపలికి పోవాలి.

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇంకొకటి ఉంది. ఊళ్లో సైకిల్ మీద తిరిగినట్టు బయటి అంచు పట్టుకుని సర్కిల్ మొత్తం చుట్టేస్తారు. లోపలి లేన్లో ఉన్న కారు బయటికి పోవడానికి కుడికి కోస్తుంది, మీరు సరిగ్గా దాని దారిలో ఉంటారు. కుడికి పోయేవాళ్లు కుడి లేన్లో, ఎడమకు పోయేవాళ్లు, యూటర్న్ తీసుకునేవాళ్లు ఎడమ లేన్లో లోపలికి వెళ్లాలి. దారి తప్పితే లోపల బ్రేక్ కొట్టొద్దు. తర్వాతి దారిలో బయటపడి తిరిగి రండి. ఆర్డర్ రెండు నిమిషాలు ఆలస్యమైతే కొంప మునగదు.

లేన్లో మీ చోటు ఎక్కడ?

కారు లేన్ మొత్తం ఆక్రమిస్తుంది, బైకుకు అందులో మూడో వంతు చాలు. కాబట్టి ఒకే లేన్లో మీకు మూడు దారులు ఉన్నాయనుకోండి: ఎడమ పట్టీ, నడిమి పట్టీ, కుడి పట్టీ. ఏ పట్టీలో ఉండాలో రెండు ప్రశ్నలు చెబుతాయి. నన్ను ఎవరు చూడాలి? ఏదన్నా జరిగితే నేను ఎటు తప్పుకోవాలి?

మనవాళ్లు అలవాటుగా కుడి అంచుకు ఒదిగి నడుపుతారు. పెద్ద బండ్లకు దారి ఇచ్చినట్టు ఉంటుందని అనుకుంటారు. నిజానికి అదే ఇబ్బంది. అంచుకు పోతే వెనకాల కారువాడు "పక్కన ఖాళీ ఉంది కదా" అని అదే లేన్లో మిమ్మల్ని రాసుకుంటూ దాటుతాడు. పైగా గాలికి కొట్టుకొచ్చిన ఇసుక, మేకులు, పగిలిన టైరు ముక్కలు అంచునే పడి ఉంటాయి. పక్క రోడ్డులోంచి వచ్చే కారు కూడా ముందు ముక్కు పెట్టేది అక్కడే.

మామూలుగా లేన్ నడిమికి కొంచెం ఎడమగా ఉండండి. ఇక్కడి కార్లలో డ్రైవరు ఎడమ సీట్లో కూర్చుంటాడు. అక్కడ ఉంటే ముందు కారు అద్దంలో మీరు కనబడతారు, కుడి నుంచి దూరే బండికీ మీకూ మధ్య కాస్త ఎడం ఉంటుంది. కుడి పక్కన కార్లు ఆపి ఉంటే ఇంకా ఎడమకు జరగండి, ఏ క్షణాన ఏ డోరు తెరుస్తారో తెలియదు. ఎడమ లేన్లో పెద్ద లారీ వస్తుంటే కుడి పట్టీకి జరగండి, దాని గాలికి బండి ఊగుతుంది. సిగ్నల్ దగ్గర నడిమి పట్టీని నమ్మొద్దు. ఆగిన కార్ల నుంచి కారిన ఆయిల్ అక్కడే పేరుకుంటుంది. చాన్నాళ్లకు వాన పడిన రోజు ఆ ఆయిలూ దుమ్మూ కలిసి సబ్బు నురగలా జారుతాయి. జీబ్రా గీతలు, బాణం గుర్తులు తడిస్తే వాటి మీద బ్రేక్ వేయొద్దు.

లారీ వెనక గానీ పక్కన గానీ ఉన్నప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. దాని అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనబడకపోతే మీరు కూడా అతనికి కనబడరు. అక్కడ నిలకడగా ఉండొద్దు. వెనక్కి తగ్గండి, లేదా త్వరగా దాటిపోండి.

ఏ లేన్లో పోవాలి?

ఇక్కడ ఎడమ చివరి లేన్ ఫాస్ట్ లేన్. దుబాయ్‌లో 2025 నవంబర్ 1 నుంచి డెలివరీ బైకులకు కొత్త రూలు వచ్చింది. అయిదు, అంతకంటే ఎక్కువ లేన్లున్న రోడ్డులో ఎడమ చివరి రెండు లేన్లలోకి పోకూడదు. మూడు, నాలుగు లేన్ల రోడ్డులో ఎడమ చివరి లేన్లోకి పోకూడదు. రెండు లేన్ల రోడ్డుకు ఈ నిషేధం లేదు. మొదటిసారి దొరికితే 500 దిర్హాములు, రెండోసారి 700, మూడోసారి పర్మిట్ సస్పెండ్. ముఖాలఫా డబ్బు చాలాచోట్ల రైడరు జీతంలోంచే పోతుంది. ఒక్క తప్పుకు ఎన్ని ఆర్డర్ల సంపాదన పోతుందో మీరే లెక్క వేసుకోండి.

ట్రాఫిక్ ఆగిపోయినప్పుడు పసుపు గీత అవతల ఉన్న షోల్డర్ మీద దూసుకుపోవడం ఇంకో అలవాటు. అది అంబులెన్సుకూ, చెడిపోయిన బండ్లకూ ఉంచిన చోటు. మలుపు అవతల ఆపి ఉన్న లారీ మీకు చివరి క్షణం దాకా కనబడదు.

లేన్ మారేటప్పుడు ఈ వరస తప్పొద్దు: అద్దం, ఇండికేటర్, తల తిప్పి భుజం మీదుగా ఒక చూపు, ఆ తర్వాతే జరగడం. అద్దంలో కనబడని చోటు ప్రతి బండికీ ఉంటుంది. తిరిగాక ఇండికేటర్ ఆపడం మర్చిపోవద్దు. అది అలాగే కొట్టుకుంటూ ఉంటే పక్కరోడ్డులో ఉన్న కారువాడు మీరు తిరుగుతారనుకుని ముందుకు వచ్చేస్తాడు.

బ్రేకు, చూపు, ఎడం

ఊళ్లో చాలామందికి చిన్నప్పుడు చెప్పిన మాట, "ముందు బ్రేక్ పట్టకురా, పడతావ్". ఆ మాట మెదడులోంచి తీసేయాలి. బ్రేక్ వేసినప్పుడు బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, బండిని ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. వెనక బ్రేక్ ఒక్కటే తొక్కితే బండి చాలా దూరం పోతుంది, లేదా వెనక చక్రం జారుతుంది. రెండూ కలిపి వేయాలి. ముందుది ఒక్కసారిగా లాగకుండా, నిమ్మకాయ పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి బిగించాలి. బండి నిటారుగా ఉన్నప్పుడే గట్టిగా వేయాలి. మలుపులో వంగి ఉన్నప్పుడు, ఇసుక మీద ఉన్నప్పుడు ముందు బ్రేక్ గట్టిగా పట్టొద్దు. అందుకే మలుపుకు ముందే స్పీడు తగ్గించుకోవాలి. హైవే మీద నుంచి గుండ్రంగా దిగే దారుల్లో ఇది మరీ ముఖ్యం. అప్పటిదాకా వేగంగా వచ్చిన కంటికి 60 కూడా నడకలా అనిపిస్తుంది. కంటిని నమ్మొద్దు, మీటరు చూడండి.

మలుపులో ఎటు చూస్తే బండి అటే పోతుంది. గుంతనే చూస్తే గుంతలోకి, రెయిలింగునే చూస్తే రెయిలింగులోకి పోతుంది. మీరు పోవాల్సిన దారి చివరను చూడండి.

80 స్పీడులో బండి ఒక సెకనుకు 22 మీటర్లు పోతుంది. మీరు ప్రమాదం చూసి బ్రేక్ మీద చెయ్యి వేసేసరికే ఒక సెకను అయిపోతుంది. కాబట్టి ముందు బండికీ మీకూ కనీసం మూడు సెకన్ల ఎడం ఉండాలి. ముందు కారు ఒక స్తంభం దాటగానే "ఒకటి, రెండు, మూడు" అని నిదానంగా లెక్కపెట్టండి. మూడు అనకముందే మీరూ ఆ స్తంభం దగ్గరికి వచ్చారంటే దగ్గరగా ఉన్నట్టే.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ముందు కారు వెనక టైర్లు నేలను తాకేది కనబడేంత దూరంలో ఆగండి. కారుకు సరిగ్గా వెనకాల కాకుండా కొంచెం పక్కకు ఆగి, గేరు వేసే ఉంచి, వెనకాల బండి ఆగేదాకా అద్దం చూస్తూ ఉండండి. వాడు ఆగకపోతే మీరు పక్కకు తప్పుకోవచ్చు.

పెట్టె కట్టాక బండి వేరు

ట్రైనింగులో ఖాళీ బండి మీద నేర్చుకుంటారు. పనిలో వెనక పెద్ద పెట్టె ఉంటుంది. బరువు వెనక్కీ పైకీ పోతుంది, ముందు చక్రం తేలికవుతుంది, పక్క గాలి పెట్టెను తెరచాపలా తోస్తుంది. మొదటి ఆర్డరుకు ముందే పెట్టెలో నీళ్ల క్యాన్లు పెట్టి, ఖాళీ పార్కింగులో అరగంట తిరగండి. ఆగడం, యూటర్న్, మెల్లగా నడపడం మూడూ చేయండి. బరువైన సామాను పెట్టె అడుగున పెట్టండి.

హెల్మెట్ బెల్టు బిగించకపోతే హెల్మెట్ లేనట్టే. యూఏఈలో హెల్మెట్ లేకుండా నడిపితే 500 దిర్హాములు, 4 బ్లాక్ పాయింట్లు. జాకెట్, గ్లవ్స్, చీలమండ కప్పే బూట్లు కంపెనీని అడగండి. అడిగితే పని పోతుందని భయపడి చెప్పులతో నడిపేవాళ్లను చూశాను. పడినప్పుడు ముందు పోయేది పాదమే.

ప్రమాదం జరిగితే

దెబ్బలు తగిలితే బండి కదపొద్దు, ఎవరితోనూ రోడ్డు మీదే రాజీ చేసుకోవద్దు. యూఏఈలో పోలీసుకు 999, అంబులెన్సుకు 998. కువైట్‌లో 112, ఖతార్‌లో 999, ఒమన్‌లో 9999. పోలీసు రిపోర్టు లేకపోతే ఇన్సూరెన్స్ రాదు. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టొద్దు, భాష తెలిసిన మనిషిని అడగండి.

ఇంకో మాట. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకుని వచ్చినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయల బీమా అది. విజిట్ వీసా మీద వచ్చి ఇక్కడ పనిలో చేరినవాళ్ల దగ్గర ఆ పాలసీ ఉండదు. మీ దగ్గర ఉంటే దాని ఫొటో ఈ రోజే ఇంటికి పంపండి.

ఇంట్లో ఉన్నవాళ్లకు

అమ్మా, చెల్లెమ్మా, ఈ ముక్క మీకే. మీవాడు డ్యూటీలో ఉన్నప్పుడు మీరు ఫోన్ చేస్తే, ఎంత వద్దనుకున్నా వాడి కళ్లు హ్యాండిల్ మీది ఫోన్ వైపు పోతాయి. ఆ రెండు సెకన్లలో బండి నలభై మీటర్లు పోయి ఉంటుంది. ఏ టైములో మాట్లాడుకోవాలో ముందే అనుకోండి. ఎత్తకపోతే అలగొద్దు, పది సార్లు చేయొద్దు. బండి ఆపి వాడే చేస్తాడు.

ఆ జగిత్యాల అబ్బాయి ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాడు. మళ్లీ బండి ఎక్కుతానంటున్నాడు. హ్యాండిల్ మధ్యలో తెల్ల టేపు అంటించి, దాని మీద పెన్నుతో కుడికి ఒక బాణం గీసుకున్నాడు. ఖర్చు లేని పని. మొదటి నెల మీరూ గీసుకోండి.