ఒంటికి సరిపోయే బాడీ

సంతలో వంకాయలు కొనాలంటే ఆడవాళ్ళు నాలుగు గంపలు చూస్తారు. పుచ్చులున్నాయేమో అని తిప్పి తిప్పి చూస్తారు. చీర కొనాలంటే అంచు చూస్తారు. పొడవు చూస్తారు. రంగు పోతుందా అని అడుగుతారు. జాకెట్టు కుట్టించాలంటే దర్జీకి ఆది ఇస్తారు. చంక దగ్గర బిగిస్తే మళ్ళీ తీసుకుపోయి, విప్పించి కుట్టించుకుంటారు.

మరి లోపల వేసుకునే బాడీ సంగతేమిటి?

దానికి ఆది లేదు. కొలత లేదు. బేరం కూడా లేదు. కొట్టు దగ్గర మగవాళ్ళు లేని వేళ చూసి, గొంతు తగ్గించి, "ఒకటి ఇవ్వండి" అంటారు. కొట్టాయన మనిషిని ఒకసారి చూసి, ఏదో ఒక అట్టపెట్టె తీసి ఇస్తాడు. దాన్ని కాగితంలో చుట్టి సంచి అడుగున పెట్టుకుంటారు. ఇంటికొచ్చి వేసుకుంటే బిగుతు. మార్చమని అడగాలంటే సిగ్గు. కొందరు పట్నం పోయే భర్తకు చెప్పి పంపుతారు. ఆయనకు అంతకంటే సిగ్గు.

పైకి కనిపించే జాకెట్టుకు ఆది కావాలి. మరి పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒంటిని అంటిపెట్టుకుని ఉండే బాడీకి అక్కర్లేదా?

సరిపోకపోతే ఏమవుతుంది?

రొమ్ములో ఎముక లేదు. కొవ్వు, పాల గ్రంథులు ఉంటాయి. వాటిని పట్టి ఉంచేవి చర్మమూ, లోపలి సన్నని నరాల్లాంటి పట్టీలూ. నడిచినా, పరుగెత్తినా, నాట్లు వేసేటప్పుడు వంగి లేచినా రొమ్ములు కదులుతాయి. బరువైన రొమ్ములున్న వాళ్ళకు ఈ కదలిక నొప్పి పుట్టిస్తుంది. ఆ బరువును పట్టి ఉంచడానికే బాడీ.

చాలామంది భుజాల మీది పట్టీలే బరువు మోస్తాయని అనుకుంటారు. అది పొరపాటు. బరువు చాలావరకు మోయాల్సింది రొమ్ముల కింద చుట్టూ తిరిగే పట్టీ. ఆ పట్టీ వదులైతే బరువంతా భుజాల మీద పడుతుంది. కావడి మోసినవాడి భుజంలా గాడి పడుతుంది. మెడ లాగుతుంది. వీపు నొస్తుంది. అప్పుడు ఏం చేస్తారు? భుజం పట్టీని ఇంకా బిగిస్తారు. గాడి ఇంకా లోతవుతుంది.

కింది పట్టీ మరీ బిగుతైతే ఇంకో బాధ. ఊపిరి నిండా పీల్చలేరు. పక్కటెముకల మీద ఎర్రటి గీత పడుతుంది. ఎండాకాలం ఆ గీత కింద చెమట నిలిచి, చర్మం ఒరుసుకుపోతుంది. దురద, మంట. నలుగురిలో గోక్కోలేరు. పని మధ్యలో గట్టు చాటుకు పోయి హుక్కులు విప్పుకునే కూలి తల్లులు ఎంతమంది లేరు! ఇది ఆడజన్మ కష్టం అనుకుంటారు. కాదు. అది రెండు అంగుళాల తేడా, అంతే.

ఆడపిల్లల సంగతి

పదకొండు, పన్నెండు ఏళ్ళు వచ్చేసరికి ఆడపిల్లల ఒంట్లో మార్పు మొదలవుతుంది. కొందరికి ముందే వస్తుంది. కొందరికి ఆలస్యంగా వస్తుంది. నిన్నటి దాకా తొక్కుడుబిళ్ళ ఆడిన పిల్ల ఆట మానేస్తుంది. కబడ్డీకి పిలిస్తే కడుపునొప్పి అంటుంది. పుస్తకాలు గుండెకు అదుముకుని, భుజాలు ముందుకు వంచి నడుస్తుంది. "నిటారుగా నడవవే" అని తల్లి కసురుతుంది. పిల్ల ఎందుకు వంగిందో అడగదు.

ఆ పిల్లకు కావలసింది తిట్టు కాదు. మెత్తటి నూలు బాడీ ఒకటి, దాన్ని ఎలా వేసుకోవాలో చెప్పే మాట ఒకటి. మొదట్లో హుక్కులు లేని, తల మీదుగా తొడుక్కునే రకం చాలు. ఆటలాడే పిల్లలకు కాస్త గట్టిగా పట్టి ఉంచే రకం దొరుకుతుంది. కదలిక తగ్గితే పిల్ల మళ్ళీ పరుగెత్తుతుంది. ఈ మాట తల్లి చెప్పకపోతే అక్కో, పిన్నో, పంతులమ్మో చెప్పాలి. ఎవరూ చెప్పకపోతే ఆ పిల్ల తన ఒంటిలోనే ఏదో తప్పుందని అనుకుంటుంది.

ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

వెనకటి రోజుల్లో ఇక్కడి ఆడవాళ్ళు ముందు ముడి వేసుకునే రవికలు తొడిగేవారు. తరవాత దర్జీలు నూలు గుడ్డతో బాడీలు కుట్టారు. బాడీ అనే మాట ఇంగ్లీషు నుంచి వచ్చిందే.

ఇప్పుడు దొరికే రకం పుట్టుక గురించి ఒక ముచ్చట ఉంది. అమెరికాలో డబ్బున్న ఇళ్ళ ఆడవాళ్ళు లోపల చువ్వలు పెట్టి కుట్టిన గట్టి తొడుగు వేసుకునేవారు. ఊపిరాడనంత బిగుతు. మేరీ ఫెల్ప్స్ జాకబ్ అనే యువతికి అది నచ్చలేదు. పనిమనిషి సాయంతో రెండు పట్టు చేతిరుమాళ్ళు, ఒక రిబ్బను కలిపి మెత్తటి తొడుగు కుట్టుకుంది. మిగతా ఆడవాళ్ళు చూసి తమకూ కావాలన్నారు. 1914 నవంబరు 3న ఆమెకు దాని మీద పేటెంటు హక్కు వచ్చింది. అంటే ఈ తొడుగు సుఖం కోసం పుట్టింది. దాన్ని వేసుకుని బాధ పడడం వింతే కదా.

కొలత తీసే పద్ధతి

దర్జీ టేపు ఒకటి చాలు. టేపుకు ఒక పక్క అంగుళాలు, ఇంకో పక్క సెంటీమీటర్లు ఉంటాయి. అంగుళాల పక్క చూడండి. తలుపు వేసుకుని నిలబడండి. చెల్లెలో, తోడికోడలో సాయం ఉంటే మంచిది. వెనక టేపు కిందికి జారిందేమో వాళ్ళు చూస్తారు.

మొదట రొమ్ముల కింద చుట్టూ టేపు పెట్టాలి. ఊపిరి వదిలి, టేపు ఒంటికి ఆనేలా పట్టుకోవాలి. నొక్కకూడదు. ఎంత వచ్చింది? 29 అంగుళాలు వచ్చింది అనుకుందాం. 29 బేసి సంఖ్య. బేసి సంఖ్య వస్తే 5 కలపాలి. సరి సంఖ్య వస్తే 4 కలపాలి. 29కి 5 కలిపితే 34. ఇదే బాడీ నంబరు. అర అంగుళం వస్తే పై అంకె తీసుకోండి.

తరవాత రొమ్ముల మీద, బాగా ఎత్తుగా ఉన్న చోట చుట్టూ కొలవాలి. ఇక్కడ టేపు వదులుగా ఉండాలి. 36 వచ్చింది అనుకుందాం. 36లో నుంచి 34 తీసేస్తే 2. ఈ తేడాను బట్టి కప్పు అక్షరం వస్తుంది. తేడా ఒకటి గాని, అంతకంటే తక్కువ గాని అయితే ఎ. రెండైతే బి. మూడైతే సి. నాలుగైతే డి. కాబట్టి ఈమెకు సరిపోయేది 34 బి.

టేపు లేకపోతే నూలు తాడు చుట్టి, కలిసిన చోట గోటితో నొక్కి పట్టుకోండి. తాడును పిల్లల 12 అంగుళాల స్కేలు మీద పెట్టండి. స్కేలు రెండుసార్లు నిండి, ఇంకా 5 అంగుళాలు వస్తే 12, 12, 5. మొత్తం 29.

పెట్టె మీద అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి. భయపడనక్కర్లేదు. నాలుగే అక్షరాలు. ఎ అంటే ఇంటి కప్పులా పైన మొన, నడుమ అడ్డగీత. బి అంటే నిలువు గీత, దానికి కుడిపక్క రెండు పొట్టలు. సి అంటే కుడి వైపు తెరిచి ఉన్న నెలవంక. డి అంటే నిలువు గీతకు ఒకే పెద్ద పొట్ట. అంకెలు ఎలాగూ చదవడం వచ్చు. ఇంతకాలం కొట్టాయన కన్ను చెప్పిందే సైజు. ఇప్పుడు పెట్టె మీద ఏముందో తిప్పి చదువుకోవచ్చు.

నోటితో చెప్పడానికి సిగ్గైతే చీటీ మీద 34 బి అని రాసి ఇవ్వండి. చెప్పులకు నంబరు చెప్పినట్టే ఇదీను. "సరిపోకపోతే మారుస్తారా?" అని డబ్బులిచ్చే ముందే అడగండి. ఆడవాళ్ళు అమ్మే కొట్టుంటే అక్కడికే పోండి.

కొలత తీసినా వేసుకుని చూడాల్సిందే. ఒక్కో కంపెనీ కుట్టు ఒక్కోలా ఉంటుంది. కొత్తది వేసుకునేటప్పుడు చివరి వరస కాజాకు, అంటే బాగా వదులుగా ఉండేదానికి హుక్కు పెట్టండి. వాడగా వాడగా ఎలాస్టిక్ సాగుతుంది. అప్పుడు లోపలి కాజాకు మార్చుకోవచ్చు. కింది పట్టీలో రెండు వేళ్ళు దూరాలి. భుజం పట్టీ కింద ఒక వేలు దూరాలి. రెండు చేతులూ పైకెత్తండి. పట్టీ పైకి జరిగితే అది వదులు. కప్పు పైనుంచి రొమ్ము పొంగితే కప్పు చిన్నది. కప్పు ముడతలు పడితే పెద్దది. ఒక రొమ్ము కంటే ఇంకొకటి కాస్త పెద్దగా ఉండడం మామూలే. పెద్దదానికి సరిపోయేలా కొనాలి.

పిల్లతల్లులు

కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు రొమ్ములు పెరుగుతాయి. పాత బాడీలోకి వాటిని కుక్కకూడదు. బిగుతుకు పాలు ఒకచోట గడ్డకట్టినట్టై నొప్పి, జ్వరం రావచ్చు. ముందు పక్క విప్పుకునే రకం, మెత్తటి నూలుది తీసుకోవాలి. పిల్ల పాలు మానాక మళ్ళీ కొలుచుకోవాలి. ఒళ్ళు చేసినా, చిక్కినా అంతే. పెళ్ళినాటి నంబరు జీవితమంతా ఉండదు.

కొన్ని అనుమానాలు

బాడీ వేసుకోకపోతే జబ్బు వస్తుందా? రాదు. వేసుకోవాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వారిది. ఎన్నడూ వేసుకోని అవ్వకు ఇప్పుడు అలవాటు చెయ్యనక్కర్లేదు. రాత్రి పడుకునేటప్పుడు తీసేసినా ఏమీ కాదు.

బాడీ వేసుకుంటే, ముఖ్యంగా నల్లది వేసుకుంటే, రొమ్ము క్యాన్సర్ వస్తుందని కొందరు చెబుతారు. అది నిజం కాదు. అమెరికాలోని సియాటిల్ నగరం ప్రాంతంలో 1,500 మందికి పైగా ఆడవాళ్ళను అడిగి, పరిశోధకులు 2014లో ఫలితం చెప్పారు. బాడీ వేసుకోవడానికీ, క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదు. అయితే కొలత తీసుకునేటప్పుడు గడ్డ చేతికి తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా, నెత్తురు కారినా దాచకూడదు. నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు. ఏఎన్ఎం అమ్మకు చెప్పి డాక్టరు దగ్గరికి పోవాలి. 30 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో రొమ్ము పరీక్ష చేస్తారు.

ఉతకడం, ఆరెయ్యడం

కనీసం రెండు ఉండాలి. ఒకటి ఒంటి మీద, ఒకటి తాడు మీద. చెమట పట్టినదాన్ని రోజూ సబ్బుతో ఉతకాలి. గట్టిగా పిండితే ఎలాస్టిక్ పాడవుతుంది. చేతులతో నొక్కి నీళ్ళు తీసెయ్యాలి.

చాలా ఇళ్ళలో వీటిని చీర మడత కింద గాని, తలుపు వెనక గాని ఆరేస్తారు. గాలి తగలదు. ఎండ తగలదు. తడి పూర్తిగా ఆరదు. ఆ తడి బాడీనే పొద్దున్నే వేసుకుంటారు. ఒరుపులు, దురదలు, తామర అక్కడి నుంచే మొదలవుతాయి. మగవాళ్ళ బనీన్లు దండెం మీద ఎండలో ఆరుతున్నాయి. వాటి పక్కనే ఇదీ ఆరాలి.