చిన్న అంగడికి మంచి వెబ్‌సైట్: కడప బండలు నేర్పిన పాఠం



మన వార్షికోత్సవ సంచికలో ఉద్యోగాల గురించి, పోటీ పరీక్షల గురించి వ్యాసాలు వస్తుంటాయి. అవి అవసరమే. అయితే ఈ హాస్టల్లో చదివి వెళ్లినవాళ్లలో సొంతంగా చిన్న పని పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఒకరిది జిరాక్స్ అంగడి, ఒకరిది టైలరింగ్, ఇంకొకరిది బండల పాలిష్ మిషన్. అందరికీ ఉన్న ఇబ్బంది ఒకటే. వ్యాపారానికి డబ్బు ఎంత ముఖ్యమో పరిచయాలు అంత ముఖ్యం. తాతల కాలం నుంచి అంగడి నడిపే ఇంట్లో పుట్టినవాడికి ఆ పరిచయాలు ఇంట్లోనే దొరుకుతాయి. కూలికి పోయి మనల్ని చదివించిన తల్లిదండ్రులు ఆ ఆస్తి మాత్రం మనకు ఇవ్వలేకపోయారు. ఎవరో ఒకరు మన గురించి మంచిమాట చెప్పేదాకా కొత్త గిరాకీ మన గడప తొక్కదు.

ఆ మంచిమాట చెప్పే పనిని కొంతవరకు వెబ్‌సైట్ చేయగలదు. ఈ హాస్టల్లోనే చదివి, కంప్యూటర్ కోర్సు నేర్చుకొని, తీరిక వేళల్లో చిన్న అంగళ్లకు వెబ్‌సైట్లు సరిచేసిపెడుతున్న మేము ముగ్గురం తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ప్రశ్నల నోటుబుక్కు

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నాపరాళ్ల గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు మనందరికీ తెలిసినవే. మనలో చాలామంది ఇళ్లలో ఆ దుమ్ము పీల్చినవాళ్లు ఉన్నారు. అక్కడ చిన్న పాలిష్ యూనిట్ నడుపుతున్న మన సీనియర్ అన్న ఒకాయన ఒకరోజు మమ్మల్ని పిలిచి, "డబ్బులు పోసి వెబ్‌సైట్ పెట్టించినా, నెలకు ఒక్క ఫోను కూడా రాదేమప్పా?" అని అడిగాడు.

తెరిచి చూశాం. పైన కదిలే అక్షరాలతో స్వాగతం. దాని కింద అన్న ఫోటో. ఆ కింద "నాణ్యతే మా లక్ష్యం, సేవే మా ధ్యేయం" అన్న మాటలు. బండ సైజు ఎంత, మందం ఎంత, ధర ఎంత, ఎక్కడిదాకా పంపుతారు అన్నది ఎక్కడా లేదు. ఫోన్ నంబరు కూడా ఒక బొమ్మలో కలిసిపోయి ఉంది. నొక్కితే కాల్ పోదు.

మేము వెంటనే కంప్యూటర్ ముందు కూర్చోలేదు. అన్నకు ఒక నోటుబుక్కు ఇచ్చి, నెల రోజుల పాటు అంగడికి వచ్చినవాళ్లు, ఫోన్ చేసినవాళ్లు అడిగే ప్రతి ప్రశ్నా వాళ్ల మాటల్లోనే రాయమన్నాం. నెల తర్వాత చూస్తే మళ్లీమళ్లీ వచ్చిన ప్రశ్నలు పది కూడా లేవు. ఒకవైపు పాలిషా, రెండువైపులా? వంటగట్టుకు ఎంత మందం కావాలి? చదరపు అడుగు ఎంత? అందులో లారీ బాడుగ కలిసిందా? దారిలో పగిలితే ఎవరిది నష్టం? అడ్వాన్సు ఎంత? ఎన్ని రోజుల్లో వస్తుంది?

ఆ ప్రశ్నలనే శీర్షికలుగా పెట్టి, ఒక్కొక్కదాని కింద రెండు మూడు వాక్యాల్లో అన్న చెప్పిన జవాబు రాశాం. మొదటి పేజీ మీద అన్న ఫోటో తీసి బండల ఫోటోలు పెట్టాం. మార్చింది ఇంతే. ఇప్పుడు వచ్చే ఫోన్లు మరీ ఎక్కువేమీ కాదు. కానీ చేసేవాళ్లు సైజు, ధర ముందే చదువుకొని, కొనే ఉద్దేశంతో చేస్తున్నారు. వెబ్‌సైట్ అంటే మన గొప్ప చెప్పుకొనే బోర్డు కాదని, గిరాకీ అడగబోయే ప్రశ్నకు ముందుగా ఇచ్చే జవాబని మాకు అప్పుడు అర్థమైంది.

లోపం కూడా చెప్పాలి

నాపరాయి సున్నపురాయి జాతికి చెందినది. నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగర్ లాంటివి పడి అలాగే ఉండిపోతే పాలిష్ పోయి మచ్చ పడుతుంది. బాత్‌రూం కడిగే యాసిడ్ అసలు తగలకూడదు. ఈ సంగతి వెబ్‌సైట్‌లో రాద్దామంటే అన్న మొదట ఒప్పుకోలేదు. "మన సరుకును మనమే తక్కువ చేసుకుంటామా?" అన్నాడు. కానీ ఇల్లు కట్టుకున్నాక ఆ మచ్చ చూసి తిట్టుకునే గిరాకీ ఇంకో నలుగురికి చెడ్డగా చెబుతాడు. ముందే చెప్పి, "పులుపు పడితే వెంటనే తుడవండి" అని రాస్తే నమ్మకం పెరుగుతుంది.

ఫోటోల విషయం కూడా అంతే. నీళ్లు చల్లిన బండ నల్లగా నిగనిగలాడుతుంది. ఆరితే బూడిదరంగు తేలుతుంది. తడి ఫోటో ఒక్కటే పెడితే మోసం చేసినట్టే. అందుకని తడి బండ, పొడి బండ పక్కపక్కన పెట్టాం. తాండూరు బండ, షాబాద్ బండ, బేతంచెర్ల బండ, కడప బండ అన్నీ ఒకటే అనుకునేవాళ్లు దూరపు ఊళ్లలో చాలామంది ఉంటారు. మన దగ్గర దొరికేది ఏదో, దొరకనిది ఏదో ఒక్క వాక్యంలో రాస్తే వాళ్ల సమయం, మన సమయం రెండూ మిగులుతాయి.

వెతికేవాళ్ల మాట మనకు తెలియాలి

మన ఊరి పేరును ఇంగ్లీషులో చాలాకాలం బ్రిటిష్ వాళ్లు రాసిన పద్ధతిలోనే, 'సి' అక్షరంతో మొదలుపెట్టి 'హెచ్'తో ముగించి రాసేవాళ్లు. 2005లో ప్రభుత్వం దాన్ని 'కె'తో మొదలయ్యేలా మార్చింది. 2010లో జిల్లా పేరు వై.ఎస్.ఆర్. జిల్లా అయింది. 2025లో వై.ఎస్.ఆర్. కడప జిల్లా అయింది. కానీ రాళ్ల వ్యాపారంలో పాత స్పెల్లింగ్ ఇంకా పోలేదు. ముంబైలోనో, విదేశాల్లోనో ఉన్న బిల్డరు ఆ పాత పేరుతోనే వెతకవచ్చు. కాబట్టి రెండు స్పెల్లింగులూ పేజీలో ఉండాలి. మనవాళ్లు వాడే కడప బండలు, నాపరాళ్లు అనే మాటలు తెలుగులో కూడా ఉండాలి. అలాగని ఒకే మాటను యాభై సార్లు నింపకూడదు. చదివేవాడికి విసుగు, వెతికిపెట్టే గూగుల్‌కూ అది నచ్చదు.

తెలుగు రాసేటప్పుడు ఒక జాగ్రత్త. కరపత్రాలు, పెళ్లిపత్రికలు వేసే డీటీపీ సెంటర్లలో పాత ఫాంట్లతో టైపు చేసింది తెచ్చి వెబ్‌సైట్‌లో పెడితే అర్థంలేని అక్షరాలు కనిపిస్తాయి. యూనికోడ్ తెలుగులో టైపు చేస్తేనే ఏ ఫోన్‌లోనైనా కనిపిస్తుంది, వెతికితే దొరుకుతుంది.

ఫోన్‌లో తెరుచుకోవాలి

2016లో జియో వచ్చిన తర్వాత మన పల్లెల్లో కూడా ఇంటర్‌నెట్ అంటే ఫోనే. మేస్త్రీ పని జరిగేచోట నిలబడి, ఎండలో, ఒంటి చేత్తో చూస్తాడు. ఒక్కో ఫోటో ఐదు ఎంబీలు ఉంటే పేజీ తెరుచుకునేలోపు వేరే అంగడికి పోతాడు. ఫోటోలను చిన్న సైజుకు తగ్గించాలి. అక్షరాలు పెద్దగా ఉండాలి. నంబరు నొక్కితే కాల్ పోవాలి. అంగడికి దారి మ్యాపులో కనిపించాలి. 2018 జూలై నుంచి క్రోమ్ బ్రౌజర్ భద్రత లేని వెబ్‌సైట్లను 'సురక్షితం కాదు' అని చూపిస్తోంది. ఆ భద్రతా సర్టిఫికెట్ ఉచితంగానే దొరుకుతుంది. పెట్టించుకోకపోతే కొత్త గిరాకీ భయపడతాడు.

తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. అన్న వెబ్‌సైట్ మార్చబోతే పాస్‌వర్డు ఆయన దగ్గర లేదు. వెబ్‌సైట్ పేరు కూడా తయారుచేసిన వ్యక్తి పేరు మీదనే రిజిస్టరై ఉంది. ఆ మనిషి ఊరు వదిలిపోయాడు, ఫోను ఎత్తడు. చివరకు ఆ పేరు వదులుకొని కొత్త పేరు తీసుకోవాల్సి వచ్చింది. విజిటింగ్ కార్డులు, అంగడి బోర్డు, బిల్లు పుస్తకాలు అన్నీ మళ్లీ వేయించాల్సి వచ్చింది. కష్టపడి సంపాదించిన పేరు ఇంకొకరి జేబులో ఉన్నట్టే కదా.

ఉచితంగా వచ్చేదాన్ని కూడా పూర్తిగా నమ్ముకోకూడదు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు చిన్న అంగళ్లకు ఉచితంగా ఇచ్చిన వెబ్‌సైట్లను ఆ సంస్థ 2024 మార్చిలో మూసేసింది. ప్రొఫైల్ మాత్రం ఉంది, దాన్ని తప్పక వాడుకోవాలి. కానీ అంగడి పేరుతో ఉన్న డొమైన్ మన పేరు మీద, మన ఈమెయిల్ మీద, మన డబ్బుతో రిజిస్టరై ఉండాలి. రెన్యూవల్ తేదీ, పాస్‌వర్డు ఇంట్లో బీరువాలోని పుస్తకంలో రాసి ఉండాలి.

ఆన్‌లైన్‌లో అమ్మితే

వెబ్‌సైట్‌లోనే ఆర్డరు తీసుకునేవాళ్లకు 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు వర్తిస్తాయి. అంగడి పేరు, చిరునామా, ఫోను, ఫిర్యాదు వినే మనిషి పేరు చూపించాలి. అన్ని చార్జీలు కలిపి మొత్తం ధర చెప్పాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. మనమే గిరాకీలమన్నట్టు మన గురించి మెచ్చుకోలు రాసుకోవడం కూడా తప్పే.

ఇక చివరి మాట. వెబ్‌సైట్ ఎంత బాగున్నా ఫోను ఎత్తకపోతే దండగ. ధర మారిన రోజే పేజీలో మార్చకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది.

తమ్ముళ్లారా, దసరా సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ వీధిలో ఒక చిన్న అంగడి ఎంచుకోండి. ఒక నోటుబుక్కు పట్టుకొని నాలుగు రోజులు అక్కడ కూర్చోండి. గిరాకీలు ఏమడుగుతున్నారో రాయండి. వెబ్‌సైట్ చేసే పనిలో సగం అదే. దానికి కంప్యూటర్ అక్కర్లేదు, ఇంగ్లీషు అక్కర్లేదు. మిగతా సగం నేర్పడానికి పాత విద్యార్థులం మేమున్నాం. మనకు వారసత్వంగా రాని పరిచయాలను మన మాట నిజాయితీతోనే సంపాదించుకుందాం.