రొమ్ము కోయకుండ గుండెకు చికిత్స

భిలాయి ఉక్కు కర్మాగారమును గూర్చి భారత, సోవియట్ ప్రభుత్వముల నడుమ ఒడంబడిక 1955 ఫిబ్రవరిలో కుదిరినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఆ నిర్మాణపు రోజులనుండియే శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల తెలుగువారు పనికై ఇచ్చటికి వచ్చి, టౌన్‌షిప్ సెక్టారులలోను, ఖుర్సీపారు వంటి పేటలలోను స్థిరపడిరి. నాడు మట్టి మోసినవారును, కొలిమియొద్ద నిలిచినవారును నేడు వృద్ధులు. వారి సంతానము నడివయస్సువారు. గుండెజబ్బు తరచుగా తలయెత్తు వయస్సులు ఇవియే.

గుండెకు చికిత్స అనినంతనే పెక్కుమంది మనస్సున మెదలు చిత్రము ఒక్కటే: రొమ్ము ఎముకను నిలువున కోయుదురు, గుండెను ఆపుదురు, పిదప దైవాధీనము. ఈ భయముచేత “పండుగ దాటనిండు”, “ఊరికి పోయి చూపించుకొందుము” అనుచు నెలలు గడుపువారు కలరు. రొమ్ము తెరచి చేయు శస్త్రచికిత్సయే నేడు మునుపటికంటె ఎంతయో క్షేమకరమైనది. అంతకుమించి, అనేక గుండెజబ్బులకు రొమ్ము కోయుటయే అక్కరలేదు. మణికట్టువద్దనో, తొడమూలమువద్దనో సూదితో చేసిన చిన్న రంధ్రముద్వారా చికిత్స జరుగుచున్నది. ఇందుకు ముఖ్యసాధనము కాథెటరు అను సన్నని గొట్టము. అది ఎట్లు పనిచేయును, దేనికి పనికిరాదు, దానిని ఆశ్రయించుటలో ఆలస్యమేల కూడదు అను విషయములను ఈ వ్యాసము తెలుపును.

గుండెకు పోవు బాట

ఉక్కు కర్మాగారములో నీరు, గాలి, ఆక్సిజన్, కొలిమి వాయువు దూరదూరములు గొట్టములలో ప్రవహించుచుండుట కార్మికులెల్లరు ఎరిగినదే. ఒకచోట గొట్టము పూడినచో పైనున్న గోడ నంతయు కూల్చరు. వీలైనంతవరకు ఒక కీలువద్ద తెరచి లోపలినుండియే శుభ్రము చేయుదురు. మన శరీరమందలి రక్తనాళములు ఇట్టి గొట్టముల అల్లికయే. మణికట్టువద్ద నాడి చూచు ధమనిలో ప్రవేశించి పైకి పోయినచో భుజము దాటి మహాధమనిని, అందుండి గుండెను చేరవచ్చును. తొడమూలమునందలి సిరలో ప్రవేశించినచో గుండె కుడిభాగమును చేరవచ్చును. ప్రకృతియే వేసిన ఈ బాట ఉండగా రొమ్ము గోడను తెరువనేల? ఈ ప్రశ్నయే కాథెటరు చికిత్సకు మూలము.

గుండె ధమనులకై వాడు కాథెటరు సుమారు ఒక మీటరు పొడవు, 2 మిల్లీమీటర్ల లావు ఉండును. మెత్తగా వంగును గాని నలగదు. దాని కొన ధమని ద్వారమున చక్కగా ఇముడునట్లు వంపుగా తీర్చబడియుండును.

ఈ విద్య పుట్టిన తీరు

1929లో జర్మనీయందలి ఎబర్స్‌వాల్డె పట్టణమున వెర్నర్ ఫోర్స్‌మన్ అను యువవైద్యుడు, పైవారి అనుమతి లేకయే, తన మోచేతి సిరలో ఒక సన్నని గొట్టమును జొనిపి 65 సెంటీమీటర్ల మేర లోనికి త్రోసికొనెను. ఆ గొట్టముతోనే ఎక్స్‌రే గదికి నడచిపోయి, దాని కొన గుండెను చేరినట్లు చిత్రము తీయించెను. గుండెను తాకినంతనే ప్రాణము పోవునను నమ్మకము ఆ చిత్రముతో సడలినది. అమెరికాలో ఆండ్రే కూర్నాన్, డికిన్సన్ రిచర్డ్స్ ఈ పద్ధతిని రోగనిర్ణయమునకు అనువుగా పెంపొందించిరి. 1956లో ఈ మువ్వురికి నోబెల్ బహుమతి లభించినది.

1953లో స్వీడన్ వైద్యుడు సెల్డింగర్ నాళమును కోయకుండ, సూదిగుండ తీగను, తీగమీదుగా గొట్టమును పంపు మార్గమును చూపెను. 1958లో అమెరికా వైద్యుడు మేసన్ సోన్స్ గుండె ధమనులలోనికి నేరుగా రంగుమందును పంపి వానిని ఎక్స్‌రేలో స్పష్టముగా చూపెను. 1977 సెప్టెంబరు 16న జ్యూరిచ్ నగరమున ఆండ్రియాస్ గ్రూంట్సిగ్ మేల్కొనియున్న రోగి గుండె ధమనిలో చిన్న బుడగను ఉబ్బించి ఇరుకును విప్పెను. ఆంజియోప్లాస్టీ అని నేడు ఇంటింట వినబడు చికిత్సకు అదియే ఆరంభము.

చికిత్స జరుగు విధము

రోగిని బల్లపై పరుండబెట్టి, మణికట్టును శుభ్రపరచి, ఆ చోటు మాత్రమే తిమ్మిరియెక్కునట్లు మందు ఇత్తురు. రోగి మేల్కొనియే ఉండును, వైద్యునితో మాటలాడగలడు. సూదితో ధమనిని చేరి, అందులో పొట్టి గొట్టము నొకదానిని అమర్చుదురు. అది ద్వారమువంటిది. మిగిలిన సాధనము లన్నియు దానిగుండనే లోనికి పోవును. నాళముల లోపలి పొరకు నొప్పి తెలియదు గనుక గొట్టము లోన కదలుచున్నను రోగికి బాధ యుండదు. రంగుమందు పంపినప్పుడు కొన్ని పరీక్షలలో ఒడలు వేడెక్కినట్లు తోచును; అది క్షణికము.

రంగుమందు ప్రవహించు తీరు తెరపై కనబడును. ఎచ్చట ధమని ఇరుకైనదో, ఎచ్చట పూర్తిగా మూసికొనిపోయినదో వైద్యుడు చూచును. ఇంతవరకు జరిగినది ఆంజియోగ్రాము. అనగా పరీక్ష మాత్రమే. చికిత్స అవసరమైనచో మిక్కిలి సన్నని తీగను ఇరుకుగుండ అవతలికి పంపి, దానిమీదుగా ముడిచిన బుడగను తీసికొనిపోయి ఉబ్బించుదురు. ఆ కొద్ది క్షణములు రొమ్ములో నొప్పి తోచవచ్చును. గోడకు పేరుకొన్న కొవ్వు అదిమివేయబడి, రక్తమునకు దారి ఏర్పడును.

బుడగతో విప్పిన ధమని కొందరిలో మరల ముడుచుకొనుచుండెడిది. దీనికి విరుగుడుగా 1986లో ఫ్రాన్సు, స్విట్జర్లాండు వైద్యులు లోహపు జాలిగొట్టమును ధమనిలో నిలిపిరి. దానినే స్టెంటు అందురు. తొలినాళ్ళ స్టెంట్లలో పెక్కులు తుప్పుపట్టని ఉక్కుతో చేసినవే. ఇప్పుడు కోబాల్టు, క్రోమియం మిశ్రలోహము విరివిగా వాడుచున్నారు. రైలుపట్టాలను సాగదీయు ఊరివారికి ఇది చెప్పదగిన మాట: టన్నులకొలది భారమును మోయు లోహవిద్యయే వెండ్రుకంత సన్నని జాలియై గుండెను కాపాడుచున్నది. 1990 దశకములో హైదరాబాదున హృద్రోగ నిపుణుడు డాక్టర్ బి. సోమరాజు, రక్షణశాస్త్రవేత్త ఎ.పి.జె. అబ్దుల్ కలామ్ కలిసి తక్కువ వెలకు దొరకు స్టెంటును రూపొందించిరి. కలామ్–రాజు స్టెంటుగా అది ప్రసిద్ధికెక్కినది.

కవాటములకు, రంధ్రములకు

కాథెటరు ఉపయోగము ధమనులతో ముగియదు. బాల్యమున గొంతునొప్పి వచ్చి, సరియైన మందు పడనిచో కొందరికి కీళ్ళవాతజ్వరము సోకును. అది కీళ్ళను విడిచిపోయినను గుండె కవాటములపై మచ్చ మిగుల్చును. మైట్రల్ కవాటము రేకులు అంటుకొనిపోయి, 4 మొదలు 6 చదరపు సెంటీమీటర్లు ఉండవలసిన ద్వారము ఒకటిన్నరకును, అంతకు తక్కువకును కుదించుకొనిపోవును. మెట్లెక్కిన ఆయాసము, పరుండిన దగ్గు, గర్భవతులకు ఊపిరాడకపోవుట దీని గుర్తులు.

ఈ జబ్బునకై జపాను వైద్యుడు కాంజీ ఇనోవె ప్రత్యేకమైన బుడగను కనిపెట్టెను. తొడసిరద్వారా గుండె కుడి కర్ణికను చేరి, రెండు కర్ణికల నడిమి గోడను సూదితో దాటి, ఎడమ ప్రక్క నున్న కవాటములో బుడగను ఉబ్బించుదురు. అంటుకొనిన రేకులు విడివడును. రేకులు మెత్తగా ఉండి, కర్ణికలో రక్తపుగడ్డ లేనిచో ఈ పద్ధతి చక్కగా ఫలించును.

పుట్టుకతో కర్ణికల నడుమ రంధ్రమున్న బిడ్డలలో పలువురికి నికెల్, టైటానియం తీగలతో అల్లిన జంటబిళ్ళను కాథెటరులో ముడిచి పంపి, లోన విప్పి రంధ్రమును మూయుదురు. భిలాయికి దగ్గరనే, నవ రాయపూరులోని శ్రీ సత్యసాయి సంజీవని ఆసుపత్రి బిడ్డల గుండె చికిత్సను ఉచితముగా చేయుచున్నది.

హద్దులు, అపాయములు

ఈ పద్ధతి సర్వరోగనివారిణి కాదు. ధమనులు పలుచోట్ల పూడియున్నప్పుడు, విశేషించి మధుమేహ మున్నవారికి, రొమ్ము తెరచి చేయు బైపాస్ శస్త్రచికిత్సయే ఎక్కువకాలము మేలుచేయవచ్చును. సున్నము పేరి గట్టిపడిన మైట్రల్ కవాటమునకు బుడగ తగదు. వైద్యుడు శస్త్రచికిత్సయే మేలని చెప్పినచో అది అన్యాయమని తలపరాదు.

కాథెటరు చికిత్సలోను రక్తస్రావము, నాళము చిరుగుట, గుండె లయ తప్పుట, రంగుమందువలన మూత్రపిండములు దెబ్బతినుట వంటి అపాయములు కలవు. అవి తరచుగా కలుగవు. అయినను ముందుగా తెలిసికొనవలెను. మధుమేహము, మూత్రపిండ వ్యాధి, మందుల పడనితనము, వాడుచున్న మందులు, గర్భము అను సంగతులను దాచక చెప్పవలెను. సమ్మతిపత్రముపై వ్రాలు చేయుటకు ముందు దానిని తమ భాషలో వివరింపుమని అడుగుట రోగి హక్కు. ఊరినుండి వచ్చిన తల్లిదండ్రులకు హిందీ రానిచో, వారి బాధను ఉన్నదున్నట్లు చెప్పగల ఒకరు వెంట ఉండవలెను.

కాలమే ప్రాణము

ధమని హఠాత్తుగా పూర్తిగా మూసికొనుటయే గుండెపోటునకు ముఖ్యకారణము. మూసికొనిన క్షణమునుండి గుండె కండరము కొద్దికొద్దిగా చచ్చుచుండును. చచ్చిన కండరమును ఏ బుడగయు బ్రతికింపజాలదు. అందుచేత ఆసుపత్రి చేరిన 90 నిమిషములలో ధమనిని తెరువవలెనని వైద్యులు లక్ష్యముగా పెట్టుకొందురు. కాథెటరు సౌకర్యము రెండు గంటలలో అందు వీలు లేనిచో, తగినవారికి గడ్డను కరగించు ఇంజక్షనును వెంటనే యిచ్చి పెద్ద ఆసుపత్రికి పంపుదురు.

కావున లక్షణములను గుర్తించుట ప్రతి యింట నేర్వవలసిన విద్య. రొమ్ము నడుమ బిగింపు, బరువు లేక మంట, అది ఎడమ చేతికో, దవడకో, వీపునకో ప్రాకుట, చల్లని చెమట, ఆయాసము, వాంతి. స్త్రీలలోను, మధుమేహ రోగులలోను నొప్పి లేకయే ఆయాసము, నిస్త్రాణ మాత్రమే కనబడవచ్చును. కొలిమియొద్ద పనిచేసి వచ్చినవాడు చెమటను వేడిమికి ముడిపెట్టును; రాత్రి షిఫ్టు ముగించి వచ్చినవాడు నొప్పిని గ్యాసు అని సోడా త్రాగి పరుండును. ఆ నిద్రలో పోవునది విలువ కట్టలేని కాలము. షిఫ్టు ముగియువరకు ఆగరాదు. తోటివారికి వెంటనే చెప్పవలెను.

ఇట్టి స్థితిలో 108కి ఫోను చేయవలెను. రోగిని నడిపింపరాదు, స్కూటరుపై కూర్చుండబెట్టరాదు, అతడే బండి నడుపరాదు. ఊరికి పోవు రైలుకై ఎదురుచూడరాదు. సెక్టారు 9లోని జవాహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రికిగాని, దగ్గరనున్న మరి యే పెద్ద ఆసుపత్రికిగాని పోయినచో ముందుగా ఇ.సి.జి. తీసి, తరువాతి మార్గము నిర్ణయింతురు. సుమారు 30 కిలోమీటర్ల దూరమున రాయపూరులో ఎయిమ్స్, అంబేడ్కర్ ఆసుపత్రులు కలవు.

చికిత్స తరువాత

మణికట్టుద్వారా చేసినచో కొన్ని గంటలు పట్టీ బిగించియుంచుదురు. తొడద్వారా చేసినచో కాలు కదపక పరుండవలెను. ముందుగా నిశ్చయించుకొని చేసిన చికిత్సయైనచో పలువురు ఒకటి రెండు దినములలో ఇంటికి పోవుదురు. మచ్చ లేదు గనుక జబ్బును లేదనుకొనుట ప్రమాదకరము. స్టెంటుపై గడ్డ కట్టకుండ రెండు విధముల మందులు, సాధారణముగా 6 మాసములు మొదలు ఏడాదివరకు, వైద్యుడు చెప్పినంతకాలము వాడవలెను. బాగున్నదని, పంటి వైద్యమని, ఉపవాసమని తమంత మానినచో స్టెంటు మూసికొని ప్రాణాపాయము కలుగవచ్చును. పొగాకును, గుట్కాను పూర్తిగా విడువవలెను. రక్తపోటును, చక్కెరను, కొవ్వును అదుపులో నుంచవలెను.

వ్యయమును గూర్చిన భయమును కొంత తగ్గినది. 2017 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము స్టెంట్లకు గరిష్ఠధర విధించి, సాదా స్టెంటునకు 7,260 రూపాయలు, మందుపూత స్టెంటునకు 29,600 రూపాయలు నిర్ణయించినది. ఆ ధరలు పిమ్మట సవరింపబడుచున్నవి. 2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ పథకముక్రింద అర్హత గల కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయలవరకు ఆసుపత్రి చికిత్స లభించును. 2024 అక్టోబరునుండి 70 ఏండ్లు నిండిన వృద్ధులెల్లరు, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఇందులో చేరుటకు అర్హులు. కార్డును జబ్బు వచ్చినపుడు కాక, ఆరోగ్యముగా ఉన్నపుడే చేయించుకొనవలెను. విశ్రాంత ఉద్యోగులు తమ సంస్థ వైద్యనియమములను ముందుగనే తెలిసికొని, కాగితములను ఇంటివారికి చూపియుంచవలెను.

గుండెను చేరుటకు రొమ్ము తెరువనక్కరలేని బాట నేడు ఉన్నది. ఆ బాటకు మొదటి మెట్టు ఆసుపత్రిలో లేదు, ఇంటిలోనే ఉన్నది: నొప్పి వచ్చినపుడు దానిని దాచక చెప్పుట, విన్నవారు ఆలసింపక కదలుట.